సంచిలో మందులు పెట్టుకుని రాత్రిపూట ఫుట్‌పాత్‌ల దగ్గరికి వెళ్తున్నాను... మానేయమంటారా?

చెన్నై నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం అర్థం కావడానికి అవసరమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెది నాయుడుపేట దగ్గర పల్లె. బీఫార్మసీ చదివారు. పెళ్లయ్యాక చెన్నై వచ్చి, జార్జిటౌన్‌లో మామయ్య వరసయ్యే ఒకాయన మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నారు. షాపు గోడకు ఉన్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఆమెదే. ఒకరోజు షాపు కట్టేసే వేళకి ఒక ముసలాయన కాలికి పాత గుడ్డ చుట్టుకుని వచ్చి, "పుండుకేదన్నా మందుంటే ఇయ్యమ్మా, రేపు డబ్బులిస్తా" అని తెలుగులో అడిగాడట. కావలి వైపు మనిషి. బేల్దారి పనికి వచ్చి, ఒంట్లో ఓపిక పోయాక సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లో ఫుట్‌పాత్ మీదే ఉండిపోయాడు. గుడ్డ విప్పి చూస్తే షుగరు పుండు.

అలా మొదలైంది. ఆ ప్రాంతంలో రాత్రిళ్లు అన్నం పొట్లాలు పంచే కుర్రాళ్లతో కలిసి ఈమె కూడా వెళ్లడం మొదలుపెట్టారు. సంచిలో బీపీ మిషను, షుగరు చూసే మిషను, దూది, గాజుగుడ్డ, మాత్రలు. మాత్రల్లో కొన్ని సొంత డబ్బుతో కొన్నవి, కొన్ని డాక్టర్ల దగ్గర మిగిలిన శాంపిళ్లు, ఎక్కువ భాగం అపార్ట్‌మెంట్లలో అడిగి తెచ్చిన సగం సగం స్ట్రిప్పులు. ఫుట్‌పాత్ మీద అందరూ ఆమెను "డాక్టరమ్మ" అంటున్నారు.

ఈమధ్య మూడు విషయాలు ఆమెను నిద్రపోనివ్వడం లేదు. ఒకటి, ఆ ముసలాయనకి ఒక రాత్రి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగరు మాత్రలు ఇచ్చారు. "ఇంతకుముందు వేసుకున్నవి ఇవేనమ్మా" అన్నాడట. ఆ రాత్రి అన్నం పొట్లం ఆయన దాకా రాలేదు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటతో, ఏదేదో మాట్లాడుతూ ఉంటే పక్కవాళ్లు తాగాడనుకున్నారు. టీ బండి అతను అనుమానమొచ్చి బాగా చక్కెర వేసిన టీ తాగిస్తే తేరుకున్నాడు. రెండోది, మూటలు మోసే ఒక నలభై ఏళ్ల మనిషి. నెల్లూరు జిల్లాలో టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలలు వాడి, తగ్గిందనుకుని ఇక్కడికి వచ్చేశాడు. మళ్లీ దగ్గు. "ఆ ఎర్ర మాత్రలు నువ్వే తెచ్చివ్వు తల్లీ" అంటున్నాడు. మూడోది, బీపీ ఉన్న ఒక తెలుగు ఆవిడ. ఇచ్చిన మాత్రలు వేసుకోకుండా దాచిపెడుతోంది.

ఇక షాపు యజమాని: "నీ దానధర్మం వల్ల నా లైసెన్సు పోతుంది, మానెయ్" అంటున్నారు. అదే షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్ముతారని, ఆయనకు తనను అనే హక్కు లేదని ఈమె కోపం. ఇంట్లో భర్త, అత్తగారు రాత్రిళ్లు తిరగడం మీద గొడవ పడుతున్నారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఫార్మసిస్టులే వీధుల్లోకి వెళ్లి, ఇల్లు లేనివాళ్లకు అక్కడికక్కడే మందులు రాసిస్తున్నారని ఆమె చదివారు. "వాళ్లు చేస్తే సేవ, నేను చేస్తే నేరమా? నేను మానేస్తే వీళ్లను చూసేవాళ్లెవరు? అన్నీ పక్కనపెట్టి ఇంటిపట్టున ఉండమంటారా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటిలో రెండు ఆగేవి కావు. ముందు అవి చూద్దాం.

ఆ మూటలు మోసే అతనికి మీరు ఒక్క టీబీ మాత్ర కూడా తెచ్చివ్వకండి. ఇది చట్టం కోసం చెబుతున్న మాట కాదు. మధ్యలో ఆపేసిన మనిషికి అవే మాత్రలు మళ్లీ మొదలుపెట్టవచ్చో లేదో కఫం పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కి లొంగని టీబీ అయ్యుంటే మీరిచ్చే మాత్రలతో రోగం ముదురుతుంది, పక్కన పడుకునేవాళ్లకూ అంటుకుంటుంది. మాత్రలు బరువును బట్టి ఇస్తారు, అతను ఇప్పుడు ఎంత తగ్గిపోయాడో చూడాలి. తాగే అలవాటుంటే కాలేయం సంగతీ చూడాలి. మీకు ఇవన్నీ తెలుసు, అతని మొహం చూసి కాదనలేకపోతున్నారు, అంతే. నెల్లూరు జిల్లాలో మందులు మొదలైనప్పుడే అతని పేరు నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వం పెట్టిన టీబీ రోగుల ఆన్‌లైన్ నమోదులో, ఎక్కి ఉంటుంది. ఆ నమోదు దేశమంతా ఒకటే. పాత కార్డు పోయినా ఫర్వాలేదు, పేరు, ఊరు, మందులు మొదలైన ఆసుపత్రి చెబితే ఇక్కడి టీబీ కేంద్రం వాళ్లు వెతికి పట్టుకోగలరు. దారి తెలియకపోతే 1800-11-6666కి ఫోన్ చేయండి, టీబీ విషయాలకు అది ఉచిత నంబరు. ఇంకో మాట. 2018 మార్చి గెజిట్ ప్రకారం టీబీ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వాళ్లలో మందుల షాపులు కూడా ఉన్నాయి. అంటే ఫార్మసిస్టుగా మీరు కబురు చేయడం మీ పనిలో భాగమే. అది ఎవరిమీదా ఫిర్యాదు చేసినట్టు కాదు.

ఆ పని అయ్యేదాకా అతనితో మాట్లాడేటప్పుడు గాలి బాగా తగిలే చోట నిలబడండి, అతనికి మాస్కు ఇవ్వండి. మీ ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా. మందులు మళ్లీ మొదలైతే చికిత్స కాలంలో తిండి కోసం నెలకు 1,000 రూపాయలు వస్తాయి. 2024 నవంబరుకి ముందు అది 500 ఉండేది. అయితే ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, అతనికి ఖాతా ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. లేకపోతే తెరిపించడానికి ఒక పూట కేటాయించాలి. నన్నడిగితే, మాత్రలు తెచ్చివ్వడం కంటే ఆ పూటే అతనికి ఎక్కువ ఉపయోగం.

రెండోది పెద్దాయన సంగతి. జరిగింది మీరు సరిగ్గానే అర్థం చేసుకున్నారు కాబట్టి మిమ్మల్ని ఇంకా బాధపెట్టే మాట అనను. కానీ అది ఎందుకు జరిగిందో గట్టిగా పట్టుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఖాళీ కడుపున షుగరు అంతగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ని బయటకు తోస్తూనే ఉంటుంది. రేపు పొద్దున అన్నం ఉంటుందన్న నమ్మకం ఉన్న ఇంట్లో ఆ మాత్ర సరిపోతుంది. ఫుట్‌పాత్ మీద ఆ నమ్మకం లేదు. పైగా షుగరు పడిపోయిన మనిషి తాగినవాడిలాగే ఉంటాడు. తూలతాడు, మాట తడబడుతుంది, కసురుకుంటాడు. దారినపోయేవాళ్లు తప్పుకుని వెళ్లిపోతారు. ఆ టీ బండి అతనికి ఉన్న గమనింపు అందరికీ ఉండదు.

కాబట్టి అన్నం పొట్లాలు పంచే కుర్రాళ్లందరికీ ఈ ఒక్క విషయం నేర్పండి: షుగరు రోగి చెమటలు పట్టి అయోమయంగా ఉంటే, మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే ఈ రకం మాత్ర వేసుకున్నవాళ్లకు కొన్ని గంటల తర్వాత షుగరు మళ్లీ పడిపోవచ్చు. పెద్దాయన్ని ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. పుండు ఉంది, వయసు ఉంది, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియదు. అవి దెబ్బతిని ఉంటే మెట్‌ఫార్మిన్ కూడా ఆలోచించి ఇవ్వాల్సిన మందే.

ఇప్పుడు మీ సంచి దగ్గరికి వద్దాం. అందులో నాకు అన్నిటికన్నా భయం వేసింది అపార్ట్‌మెంట్ల నుంచి తెచ్చిన స్ట్రిప్పులు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ చాలా స్ట్రిప్పులకు ఒక అంచునే అచ్చు వేసి ఉంటాయి. ఇళ్లలో కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్క మీద అవి ఉండవు. మందు పేరు సగమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఎవరింట్లో ఎండ పడే కిటికీ దగ్గర ఎన్ని నెలలు ఉందో మీకు తెలియదు. చెన్నై మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద ఉన్న మాత్ర అయినా కావచ్చు. షాపు కౌంటర్లో ఎవరైనా అలాంటి ముక్క తెచ్చి "వాపసు తీసుకోండి" అంటే మీరు తీసుకుంటారా? తీసుకోరు. ఫుట్‌పాత్ మీది మనిషికి కూడా అదే కొలత ఉండాలి. అలాంటివన్నీ ఈరోజే తీసేయండి.

చట్టం విషయం దాచకుండా చెబుతాను. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మందులు అమ్మడాన్నే కాదు, లైసెన్సు లేకుండా నిల్వ పెట్టి పంచడాన్ని కూడా అడ్డుకుంటుంది. డబ్బు తీసుకోలేదన్నది అక్కడ జవాబు కాదు. లైసెన్సు లేకుండా చేస్తే శిక్ష మూడేళ్లకు తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా ఉంది. షెడ్యూల్ హెచ్ మందులు డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇంకా కట్టుదిట్టమైన హెచ్1 జాబితాలో ఉన్న యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అల్ప్రజోలం లాంటివి ఇస్తే ఎవరు రాశారో, ఎవరికి ఇచ్చారో, ఎన్ని ఇచ్చారో విడిగా రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మీ షాపు లైసెన్సు ఆ షాపు నాలుగు గోడల వరకే. వీధిలో మీ సంచికి అది వర్తించదు.

మీ మామయ్య అన్న మాట అందువల్ల నిజమే. ఆయన షాపులో చీటీ లేకుండా అమ్మడం తప్పన్నదీ అంతే నిజం. అయితే మీరు ఈ రెండింటినీ ఒకదానికొకటి జవాబుగా వాడుతున్నారు. అక్కడే నాకు మీమీద బెంగ. రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే కౌంటర్లో జరిగిన దానికీ, సంచిలోంచి జరిగిన దానికీ వేలు వచ్చేది మీ సర్టిఫికెట్ మీదికే. గోడ మీద ఉన్నది మీ పేరు కదా. కాబట్టి ఆయనతో మాట్లాడేటప్పుడు సేవ గురించి వాదన పెట్టుకోకండి. "నా సంచిలో ఇక చీటీ లేని మందు ఉండదు, కౌంటర్లో కూడా నా చేతి మీదుగా చీటీ లేని హెచ్ మందు పోదు" అని రెండూ కలిపి చెప్పండి. మొదటిది విని ఆయన ఊరట పడతారు, రెండోదానికి చిరాకు పడతారు. బంధుత్వం ఉన్నచోట ఇలాంటి మాట నోట రావడం కష్టం, నాకు తెలుసు. ఆయన ఒప్పుకోకపోతే వేరే షాపు చూసుకోవాల్సి రావచ్చు, అది కూడా ఇప్పుడే మనసులో పెట్టుకోండి. జీతం పోయినా ఇంకోచోట దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ పోతే వృత్తే పోతుంది.

గ్లాస్గో గురించి. మీరు చదివింది నిజం. అక్కడ ఫార్మసిస్టులు, ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ మనిషిని వెంటబెట్టుకుని వీధుల్లోకి, హాస్టళ్లలోకి వెళ్తారు. మనిషిని పరీక్షించి, మందు రాసి, మళ్లీ వెతుక్కుంటూ వచ్చి చూస్తారు. అయితే వాళ్లు మామూలు ఫార్మసిస్టులు కారు. బ్రిటన్‌లో 2006 నుంచి, అదనపు శిక్షణ పూర్తిచేసి నమోదైన ఫార్మసిస్టుకు సొంతంగా మందులు రాసే అధికారం ఉంది. వాళ్లకు జీతమిచ్చేది ప్రభుత్వ ఆరోగ్య సేవ, రోగి పాత రికార్డు వాళ్లకు అందుతుంది. మన దేశంలో ఫార్మసిస్టుకు మందు రాసే హక్కు లేదు. ఇక్కడ కూడా ఉండాలని మీరు కోరుకోవచ్చు, కోరుకోవాలి కూడా. ఫార్మసిస్టుల సంఘాల్లో ఆ మాట గట్టిగా అడగండి. ఈలోగా అది ఉన్నట్టే నడుచుకోలేం.

కానీ ఆ పద్ధతిలో మనం ఇవాళే తెచ్చుకోగలిగింది ఒకటుంది. అక్కడ ఫార్మసిస్టు ఒంటరిగా వెళ్లరు. పక్కనున్న మనిషికి ఈ వీధి తెలుసు, ఎవరు ఎక్కడ పడుకుంటారో తెలుసు. ఇంటి దరఖాస్తు, పింఛను, గుర్తింపు కార్డు సంగతులు ఆ మనిషి చూస్తే మందుల సంగతి ఫార్మసిస్టు చూస్తారు. మీ కుర్రాళ్లకు వీధి తెలుసు. వాళ్లను అన్నం పంచేవాళ్లుగా మాత్రమే చూస్తున్నారేమో, ఒకసారి ఆలోచించండి.

మీరు దాటవేసినట్టు రాసిన ఆ బీపీ ఆవిడ సంగతి దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. మాత్రలు ఎందుకు దాచుకుంటున్నావని అడిగితే ఆమె అన్న మాట మీ ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంగా ఉంది: "ఆ బిళ్ళ వేసుకుంటే రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సొస్తది, ఆడదాన్ని, ఎక్కడికి పోను?" మీరు ఇచ్చింది హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మూత్రం ఎక్కువ అవుతుంది. మరుగుదొడ్డి లేని చోట, చీకట్లో, చుట్టూ మగవాళ్లు పడుకున్న చోట ఆమె ఆ మాత్ర ఎలా వేసుకుంటుంది? ఆసుపత్రిలో డాక్టరుకు ఈ మాట ఆమె చెప్పదు. సిగ్గు ఒకటి, తమిళం రాకపోవడం ఒకటి, వెనకాల క్యూ ఒకటి. చీటీలో "మందులు సరిగా వాడడం లేదు" అని పడుతుంది. ఆమె మీకు చెప్పింది, ఎందుకంటే మీరు ఆడవాళ్లు, తెలుగువాళ్లు, పక్కన కూర్చున్నారు. ఇది తీసుకెళ్లి డాక్టరుకు చెప్పి, మూత్రం ఎక్కువ కాని వేరే బీపీ మాత్రకు మార్పించగలిగితే ఆమె వేసుకుంటుంది. ఆ మార్పు సొంతంగా మీరు చేయకూడదు. కానీ మార్చాల్సిన అవసరం ఉందని కనిపెట్టగలిగింది ఆ వీధిలో మీరొక్కరే.

మీరు సంచిలోంచి ఇచ్చే మాత్రలు ఒక వారం నడుస్తాయి. ఆసుపత్రిలో రాసిన మందు ఈ వీధిలో ఎందుకు తెగిపోతోందో పట్టుకోవడం, అది మళ్లీ తెగకుండా చూడడం ఏళ్ల తరబడి చేయగలిగిన పని. అందుకు చట్టం అడ్డు రాదు. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు బాధ్యతగానే చెబుతున్నాయి.

తెగిపోయే కారణాలు మీకు చాలా తెలిసే ఉంటాయి. వానకి స్ట్రిప్పులు తడిసిపోతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ఊళ్లో వానలెలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఫుట్‌పాత్ ఖాళీ చేయించే రోజున మూటతో పాటు మందులూ చీటీలూ పోతాయి. మెడలో వేసుకునే చిన్న జిప్పు పౌచ్ ఇస్తే సగం నష్టం తగ్గుతుంది. మనిషి ఒప్పుకుంటే ఓపీ చీటీ ఫోటో తీసి మీ ఫోన్లో ఉంచండి, పోయినప్పుడు అదే ఆధారం. ఎవరి వివరాలు ఇంకొకరికి చూపించకండి, అన్నం పంచుతున్న వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి. ఫిట్స్ మందు వాడేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల లెక్క ముందు చూడండి, ఆ మందు ఉన్నట్టుండి ఆగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకా చిన్నగా కనిపించే పెద్ద అడ్డంకి ఒకటుంది. ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు ఆసుపత్రికి వెళ్లకపోవడానికి భయం, చిన్నచూపు కారణాలే. కానీ చాలామందికి అంతకంటే ముందు అడ్డు వచ్చేది మూట. ఓపీ క్యూలో పొద్దున్నుంచి నిలబడితే మూటెవరు చూస్తారు? దుప్పటి, గిన్నె, ఆధార్ కాపీ, బిడ్డ ఫోటో, అన్నీ అందులోనే. మీ కుర్రాళ్లలో ఒకరు పొద్దున మూటల దగ్గర కూర్చుని, ఇంకొకరు వెంట వెళ్తే వెళ్లేవాళ్లు పెరుగుతారు. మీరు వెళ్లనక్కర్లేదు. వాళ్ల చేతికి మీరు తెలుగులో, తమిళంలో నాలుగు ముక్కలు రాసిన కాగితం ఇస్తే చాలు: ఏం వాడుతున్నారు, ఎందుకు మానేశారు, బీపీ, షుగరు ఎంత ఉన్నాయి.

ఇక మీ ముందున్న దారులు.

ఇప్పుడున్నట్టే కొనసాగించడం ఒకటి. దాని గురించి పైన చెప్పాను. ఇంకో ప్రమాదం కూడా ఉంది. సంచిలో నిద్ర మాత్రలో గట్టి నొప్పి మాత్రలో ఉన్నాయని తెలిస్తే వాటికోసం వచ్చేవాళ్లు వేరే ఉంటారు. అది మీకు, ఆ ముసలాయనకి కూడా మంచిది కాదు. ఈ దారి నేను చెప్పలేను.

ఒక డాక్టర్ని సమకూర్చుకోవడం రెండోది. వారానికి ఒక సాయంత్రం వచ్చి కూర్చునే ఎంబీబీఎస్ డాక్టరు దొరికితే పని స్వరూపమే మారిపోతుంది. మందుల షాపు నడపని డాక్టరు తాను చూసిన రోగికి తానే మందు ఇవ్వడానికి నిబంధనల్లో వెసులుబాటు ఉంది. లేదా ఆయన చీటీ రాస్తే, షాపులో రోగి పేరున బిల్లు చేసి, పేరూ వేళా రాసిన కవరులో పెట్టి మీరు అందించవచ్చు. బిల్లు దాతలు కట్టుకుంటారు. అపార్ట్‌మెంట్లలో మాత్రలు అడిగే బదులు ఆ బిల్లులు కట్టమని అడగండి. ఇందులో చిక్కేమిటంటే, డాక్టరు కొన్నాళ్లు వచ్చి మానేస్తే మళ్లీ మొదటికొస్తారు. అందుకని ఒకరి మీదే ఆధారపడకండి.

మూడోది, కార్పొరేషన్ వ్యవస్థలోకి ఈ మనుషుల్ని ఎక్కించడం. తమిళనాడులో 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకం కింద బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఇంటికే వచ్చి మందులిస్తున్నారు. తలుపే లేనివాళ్లకు తలుపు తట్టే పథకం ఎలా అందుతుందని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నే మీ వార్డు అర్బన్ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరును అడగండి. చేతిలో పేర్ల పట్టీతో వెళ్లండి: ఫలానా ఫ్లైఓవర్ కింద ఇంతమంది, వీళ్లకు బీపీ, వీళ్లకు షుగరు, రాత్రి ఈ వేళకు ఇక్కడ ఉంటారు. అలాంటి పట్టీ ఆఫీసులో ఎవరూ తయారుచేయలేరు, మీరు చేయగలరు. ఇది నెమ్మదిగా సాగే పని. తిప్పుతారు, మాట్లాడిన అధికారి మారిపోతారు. కానీ ఒకసారి ఎక్కిన పేరుకు మీరు ఊళ్లో లేకపోయినా మందు అందుతుంది.

ఆశ్రయ గృహాల సంగతి కూడా ఇందులోదే. లక్ష జనాభాకు నూరుమంది పట్టే ఆశ్రయం ఒకటి, ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. చెన్నై కార్పొరేషన్ ఆశ్రయాలు స్వచ్ఛంద సంస్థల చేతుల్లో నడుస్తున్నాయి, ఆడవాళ్లకు విడిగా ఉన్నాయి. 1913కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. బీపీ ఆవిడకు ఇది మాత్రకన్నా ముందు అవసరం కావచ్చు. అయితే బలవంతం వద్దు. పనికి దూరమవుతుందనో, తెలిసినవాళ్లను వదలాలనో వద్దనే కారణాలు వాళ్లకు ఉంటాయి. ఒకసారి చూసి రమ్మనండి, నచ్చకపోతే తిరిగి రావచ్చని చెప్పండి.

వాల్‌టాక్స్ రోడ్డు దగ్గర తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే యువతి గురించి కూడా రాశారు. ఆమెకు మందుల జోలికి అసలు వెళ్లకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, తన బాగోగులు చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషికి రక్షణ ఇచ్చి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యత స్టేషన్ పోలీసులది. ఇల్లు లేక, మానసిక జబ్బుతో ఉన్న ఆడవాళ్ల కోసం 1993 నుంచి పనిచేస్తున్న 'ది బాన్యన్' మీ ఊళ్లోనే ఉంది. ముందు వాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పినట్టు పోలీసుల దగ్గరికి వెళ్లండి.

"డాక్టరమ్మ" అన్న పిలుపును మాత్రం ఆపించండి. వాళ్లు ప్రేమతో అంటారు, వద్దంటే నొచ్చుకుంటారని మీ మొహమాటం. కానీ డాక్టరు చూసేశారు అనుకున్న మనిషి ఇక ఆసుపత్రికి పోడు. "నేను మందుల షాపు అమ్మాయిని, డాక్టరు వేరే" అని ప్రతిసారీ చెప్పండి.

ఇంటి సంగతి. మీ ఆయన, మీ అత్తగారు ఈ పనినే వద్దంటున్నారా, రాత్రి పదకొండు గంటలను వద్దంటున్నారా అన్నది మీ ఉత్తరంలో నాకు స్పష్టంగా కనబడలేదు. రెండూ వేరు. రెండోదే అయితే వాళ్ల భయం న్యాయమైనదే. సంచిలో మాత్రలు లేనప్పుడు, పని ఎక్కువ భాగం చీటీలూ పేర్లూ ఫోన్లే అయినప్పుడు, మీరు అంత రాత్రి వెళ్లాల్సిన అవసరం తగ్గుతుంది. షాపులో ఒక పూట సెలవు అడిగి, వారంలో ఒక సాయంత్రం చీకటి పడకముందే వెళ్లి, మిగతా రోజులు కుర్రాళ్లు చూసేలా చేయవచ్చు. మీ ఆయన్ని ఒక సాయంత్రం వెంట రమ్మనండి. సహాయం చేయక్కర్లేదు, ఊరికే చూడమనండి. వచ్చాక కూడా వద్దంటే, పాప పరీక్షలయ్యే దాకా వీధికి వెళ్లడం ఆపి, పీహెచ్‌సీతో మాట్లాడడం, పేర్ల పట్టీ తయారుచేయడం షాపు నుంచే చేయండి. కొన్నాళ్లు వెనక్కి తగ్గడం వాళ్లను వదిలేయడం కాదు. మీరు అలసిపోయి పూర్తిగా మానేస్తే ఆ వీధికి ఇంకా నష్టం.

వీటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీ ఇల్లూ మీ షాపూ తెలిసిన మీరే తేల్చుకోవాలి. టీబీ మనిషి కబురు మాత్రం రేపు పొద్దున షాపు తెరవగానే చేయండి. పెద్దాయన కాలు చూపించే రోజున మూట దగ్గర ఎవరు కూర్చుంటారో ఈ రాత్రే కుర్రాళ్లను అడిగి పెట్టుకోండి.